ఏడో బెడ్డు కార్డు

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ చౌరస్తాలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఎంకయ్యకు ఒక్కతే కూతురు. పేరు సమత. ఆ పిల్ల ఏడో తరగతిలో ఉండగానే తల్లి పచ్చకామెర్లతో పోయింది. అప్పటినుంచి బడి వదలగానే నేరుగా షాపుకే వచ్చేది. కాలిపోయిన రాగి తీగను మోటారులోంచి పీకడం, ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి తండ్రికి చెప్పడం ఆమె పని. ఎంకయ్య పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రోజుకు నాలుగు మాటలంటే అందులో ఒకటి, "కరెంటు బంద్ చేసినంకనే చెయ్యి పెట్టు బిడ్డా" అన్నది.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, మొయినాబాద్ పొలిమేరలో రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న కంపెనీలో చేరినప్పుడు సమతకు ఇరవై రెండేళ్లు. చిన్న ఆసుపత్రుల ఐసీయూల కోసం ఆ కంపెనీ ఒక పెట్టె తయారుచేసేది. ఎనిమిది మంచాల దగ్గరున్న మానిటర్ల గీతలన్నీ ఆ పెట్టెలోకి వచ్చి, నర్సుల బల్ల మీద ఒకే తెరపై కనిపించేవి. ఏ మంచం దగ్గర గుండె తప్పినా, ఊపిరి తగ్గినా నర్సు ముందరే అలారం మోగేది. రెండేసి మంచాలకు ఒక కార్డు. కార్డు చెడిపోతే పెట్టె ఆపకుండానే, నడుస్తుండగానే, పాతది లాగి కొత్తది గుచ్చవచ్చు. హాట్‌ప్లగ్ అంటారు. ఆసుపత్రులు ఆ పెట్టె కొనేదే అందుకు.

మొదటి నెలలోనే తండ్రికి ఈ సంగతి చెప్పింది.

"మా దాంట్ల బంద్ చేస్తెనే తప్పు బాపూ. నడుస్తుండగనే పీకాలె, నడుస్తుండగనే పెట్టాలె."

ఎంకయ్య ఆమె వేళ్ల వంక కాసేపు చూసి, "షాక్ కొట్టదా?" అని మాత్రం అడిగాడు.

తొమ్మిదేళ్లు అదే పని చేసింది. చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ దాకా పదకొండు ఆసుపత్రుల్లో పెట్టెలు బిగించింది ఆమే. మొదట్లో ఎక్కడైనా కార్డు పలకకపోతే బెంగళూరులోని సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేసేది. వాళ్లు "రీస్టార్ట్ చెయ్యండి" అని పెట్టేసేవారు. ఎందుకు పలకలేదో ఎవరూ చెప్పేవారు కాదు. సమతకు ఆ తీరు నచ్చలేదు. కాలిన మోటారు విప్పకుండానే మార్చేసే మనిషి దగ్గర పెరిగినది కాదు మరి. పెట్టె లోపల నడిచే కెర్నెల్, అంటే అన్ని భాగాలకూ పని, చోటు పంచే అసలు ప్రోగ్రాం, తాను చేసిన ప్రతి పనినీ ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆమె ఆ చిట్టాలు చదవడం మొదలుపెట్టింది. ఆ కెర్నెల్ కోడు ఎవరైనా తెరిచి చూడవచ్చని తెలిశాక, అదీ చదివింది. ఆటో కోసం నిలబడ్డప్పుడు, తండ్రికి అన్నం పెట్టి కూర్చున్నప్పుడు, ఫోనులోనే. ఒక్కో పేజీకి వారం పట్టేది. ఎవరూ చదవమనలేదు. చదివినందుకు ఎవరూ మెచ్చుకోలేదు కూడా.

ఐదేళ్ల కింద ఎంకయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. షాపు మూతపడింది. ఆమెకు కుదిరిన సంబంధం కూడా అదే నెలలో తప్పిపోయింది. ఆ తరవాత ఇంట్లో ఆ మాట మళ్లీ రాలేదు.

రెండేళ్ల కింద ఎండాకాలంలో కొత్త రకం కార్డులు వచ్చాయి. షెడ్డులో సమతే పరీక్షించింది. పెట్టె ఆపి గుచ్చి లేపితే బ్రహ్మాండంగా పనిచేశాయి. నడుస్తుండగా గుచ్చితే మాత్రం పలకలేదు. పదమూడుసార్లు గుచ్చి చూసింది. పదమూడుసార్లూ చిట్టాలో ఒకటే వాక్యం: చోటు లేదు.

ఎందుకో ఆమెకు అర్థమైంది. కార్డులు నేరుగా బోర్డుకు తగలవు. మధ్యలో బ్రిడ్జి అనే చిప్పు ఉంటుంది. పెట్టె లేచే సమయంలో కెర్నెల్ ఒక్కో బ్రిడ్జి వెనక ఏమేం ఉన్నాయో చూసి, వాటికి సరిపడా చిరునామాలు కేటాయిస్తుంది. పక్క బ్రిడ్జికి దాని పక్కనే ఇస్తుంది. కొత్త కార్డుకు పాతదానికంటే నాలుగింతల చోటు కావాలి. నడుస్తుండగా గుచ్చితే అంత చోటు ఇవ్వాలంటే పక్కవాళ్లను జరపాలి. పక్కవాళ్లు పనిలో ఉన్నారు కాబట్టి కెర్నెల్ జరపదు. లేదని ఒక వాక్యం రాసి, ఆ కార్డును అలాగే వదిలేసి, తన పని తాను చేసుకుంటుంది.

సమత రెండు పేజీల ఉత్తరం రాసింది. పెట్టె లేచేటప్పుడే ప్రతి బ్రిడ్జికీ కొంత చోటు ఎక్కువగా ఉంచమని కెర్నెల్‌కు చెప్పే సెట్టింగు ఒకటి ఉందని, ఒక్క లైను చేరిస్తే చాలని, అది చేరేదాకా ఆసుపత్రులకు పాత రకం కార్డులే పంపాలని. సర్వీస్ మేనేజర్ శశిధర్‌కు ఇచ్చింది. శశిధర్ చెడ్డవాడు కాదు. ఆమె పని తెలిసినవాడే.

"మంచిగ రాసినవ్ సమతా. నెక్స్ట్ రిలీజ్‌ల పెట్టిస్త."

"ఎప్పుడు సార్?"

"టెస్టింగ్ అంతా మళ్ల చెయ్యాలె కదా. దీపావళి వరకు వస్తది. ఫికర్ చెయ్యకు."

స్టోరులోని పాత కార్డులను మాత్రం బయటికి ఇవ్వవద్దని పైనుంచి చెప్పారు. కొత్తవే వాడాలట.

జులైలో ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి చేవెళ్ల దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ నాలుగో కార్డు సతాయిస్తోంది. ఏడు, ఎనిమిది మంచాల గీతలు తెరమీద వచ్చి పోతున్నాయి. ఆ రెండు మంచాలూ ఏసీ వేసి తలుపు మూసిన లోపలి గదిలో ఉన్నాయి. ఆ పూట ఇద్దరే నర్సులు. వాళ్లలో ఆశా అనే ఆమె సమతకు ఆరేళ్లుగా తెలుసు.

ఏడో మంచం మీద ఆలూరు మనిషి కుర్మయ్య ఉన్నాడు. యాభై దాటినవాడు. పాలీహౌసుల్లో గులాబీలకు మందు కొట్టే పని. ఊపిరితిత్తులు పాడైపోయి నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాడు. సమత వంగి వైర్లు చూస్తుంటే ముక్కుమీది మాస్కు కొంచెం ఎత్తాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"హిమాయత్‌నగర్ కాకా. మాస్కు తియ్యకు."

"ఎంకయ్య వైండింగు షాపు దగ్గర్నా?"

"మా బాపే."

"నా మోటారు మూడుసార్లు బాగుచేసిండు," అని నవ్వబోతే దగ్గు వచ్చింది. సమత మాస్కు సరిచేసి బయటికి వచ్చింది.

పాత కార్డు లాగింది. షెడ్డులో పలకకపోయినా, స్టోరు ఇచ్చింది అదొక్కటే కాబట్టి కొత్తది గుచ్చింది. తెరమీద ఏడు, ఎనిమిది గడులు బూడిదరంగుకు తిరిగాయి. చిట్టా తెరిచి చూసింది. చోటు లేదు. ఫోనుతో ఫొటో తీసుకుంది.

పెట్టె ఆపి లేపితే కార్డు పలుకుతుందని ఆమెకు తెలుసు. కానీ ఎనిమిది మంచాలూ మళ్లీ ఒక్కొక్కటిగా కలపాలి. ఇరవై నిమిషాలు. డ్యూటీ డాక్టరు ఒప్పుకోలేదు. "రెండో బెడ్డు సీరియస్‌గ ఉన్నది. నాలుగింటికి షిఫ్ట్ మారినంక చేస్కో" అన్నాడు. అంటే ఇంకా నాలుగున్నర గంటలు.

సమత ఆశాను పిలిచింది.

"అక్కా, ఏడు, ఎనిమిది ఇక్కడ మోగవు. మంచం కాడి మానిటరే మోగుతది. ఆ గదిల ఎవరన్న ఉండాలె."

"ఎవర్ని ఉంచాల్నే? ఉన్నదే ఇద్దరం."

"తలుపన్న తెరిచి పెట్టుండ్రి. నేను మొయినాబాద్ పోయి పాత రకం కార్డు పట్కొస్త. అది పడుతది. గంటన్నర."

ఒక తెల్ల కాగితం మీద 'ఏడు, ఎనిమిది అలారం రాదు' అని పెద్ద అక్షరాలతో రాసి తెరకు అతికించింది. లోపలి గది తలుపు తానే తెరిచి, ఒక స్టూలు అడ్డం పెట్టి, రోడ్డుమీదికి పరుగెత్తింది.

ఆటో సగం దూరం దాటాక ఆమెకు తట్టింది. లాగేసిన కార్డు సంచిలోనే ఉంది. సగమే పనిచేసే కార్డు. కానీ అది ఆ చోటులో పట్టేది. దాన్నే తిరిగి గుచ్చి రావలసింది. చెడిన కార్డు మళ్లీ పెట్టకూడదని కంపెనీ నియమం. తొమ్మిదేళ్లలో చేతికి ఆ నియమం ఎంత అలవాటైందంటే, మరో ఆలోచనే రాలేదు. ఆశాకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. వెనక్కి తిరగాలా, ముందుకు పోవాలా? మొయినాబాదే దగ్గర. ముందుకే పోయింది.

స్టోరులో పాత కార్డులు అద్దాల బీరువాలో కనిపిస్తూనే ఉన్నాయి. శశిధర్ సంతకం లేకుండా ఇవ్వనన్నాడు స్టోరు మనిషి. శశిధర్ మీటింగులో ఉన్నాడు. సమత మూడుసార్లు తలుపు కొట్టింది. నాలుగోసారి కొట్టాక బయటికి వచ్చి, కోపంగా సంతకం పెట్టాడు. అప్పటికి నలభై నిమిషాలు గడిచాయి.

తిరిగి ఐసీయూలో అడుగుపెట్టేసరికి ఒకటి యాభై. లోపలి గది తలుపు తెరిచే ఉంది. స్టూలు పక్కకు జరిపి ఉంది. ఏడో మంచం మీద దుప్పటి లేదు. ఆయా రెగ్జిన్ పరుపును తడిగుడ్డతో తుడుస్తోంది.

ఆశా గోడకు ఆనుకొని నేలమీద కూర్చుంది. రెండో మంచం మనిషి రక్తం కక్కుకున్నాడని, రెండో నర్సు వేరొకరిని స్కానింగుకు తీసుకుపోయిందని, లోపల ఎవరో చలి పెడుతోందని తలుపు వేసుకున్నారని ముక్కలు ముక్కలుగా చెప్పింది. "వినవడలేదు సమతా. ఒట్టు, నాకు వినవడలేదు."

సమతకు ఏం చెయ్యాలో తెలియలేదు. చేతిలో కార్డు ఉంది కాబట్టి పెట్టె దగ్గరికి పోయి గుచ్చింది. రెండు క్షణాల్లో పలికింది. తెరమీద ఏడో గడి బూడిదరంగు వదిలి వెలిగింది. పేరు: కుర్మయ్య. కింద గీత మాత్రం లేదు. ఆ పేరు తీసెయ్యమని ఆశా ఏడ్చింది. సమతే తీసేసింది.

తరవాత లోపలికి వెళ్లి మంచం దగ్గరి మానిటర్ జ్ఞాపకంలో ఏముందో చూసింది. అలారం మొదలైంది ఒంటిగంట పన్నెండుకు. ఆపింది ఒంటిగంట ఇరవైమూడుకు. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు శశిధర్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. బల్లమీద ఒక కాగితం ఉంది. కార్డు మార్చేటప్పుడు కంపెనీ పద్ధతి పాటించలేదని, పొరపాటు తనదేనని అందులో ఉంది.

"నా ఉత్తరం సంగతేంది సార్?"

"నాకు తెల్వదా సమతా? గా ఉత్తరం బయటపడితే కంపెనీ మూతవడుతది. నూటిరవై మంది ఉన్నరు. నువ్వు సంతకం పెడితె నిన్ను ఏమనరు. ఇంటర్నల్ పేపర్ ఇది. బయటికి పోదు."

"నేను తప్పు పెట్టలేదు సార్, కార్డు."

"పాతది మళ్ల పెట్టి రావచ్చు కదా?" అన్నాడు శశిధర్. గట్టిగా అనలేదు. ఊరికే అడిగినట్టే అడిగాడు.

రెండు రోజులుగా సమత తనను తాను అడుగుతున్నది అదే.

ఇంటికి వచ్చి తండ్రికి చెప్పింది. ఎంకయ్య ఎడమచేత్తో పడిపోయిన కుడిచేతిని ఒళ్లోకి తీసుకున్నాడు.

"పెడితె నౌకరి ఉంటదా?"

"ఉంటదంట."

"పెట్టు" అన్నాడు. తల ఎత్తలేదు.

సమత సంతకం పెట్టింది. తండ్రి అన్నాడని పెట్టలేదు, ఉద్యోగం కోసం మాత్రమే కూడా కాదు. ఆ కాగితంలో ఉన్నదంతా అబద్ధమే అయినా, తన తప్పు ఒకటి ఎక్కడో ఉందని, దానికి ఎక్కడో ఒకచోట సంతకం పెట్టాలని ఆమెకు అనిపించింది.

పదహారు రోజులు పనికి వెళ్లింది. పదిహేడో రోజు ఆలూరులో దిగింది. కుర్మయ్య ఇల్లు అడిగి తెలుసుకుని వెళ్లింది. అతని భార్య అంతమ్మ వాకిట్లో కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. సమత తాను ఎవరో చెప్పింది. అంతమ్మ కూర్చొమ్మనలేదు, పొమ్మనలేదు.

"చిన్నమ్మా, కాక పోయినప్పుడు మిషన్ పని చేస్తలేకుండె. దవాఖానోళ్లు నీకు చెప్పిండ్రా?"

"గుండె ఆగిందన్నరు."

సమత చెప్పింది. కార్డు సంగతి, చోటు సంగతి. అంతమ్మకు అర్థం కాలేదు. అప్పుడు చుట్టుపక్కల చెక్కలుగా కోసిన భూములు చూపించి చెప్పింది. "గీ వెంచర్ల ప్లాట్లు ముందే కొలిచి పంచుతరు కదా. ఒకడొచ్చి నాకు నాలుగు ప్లాట్లంత ఇల్లు గావాలె అంటె యాడికెల్లి ఇస్తరు? ఇటు పక్కోడు, అటు పక్కోడు ఇల్లు కట్టుకొని ఉన్నరు. కొత్త కార్డుకు గట్లనే చోటు దొరకలె. దొరకదని నాకు ముందే ఎరుక. రాసి ఇచ్చిన. వాళ్లు చెయ్యలె."

"నీకు ఎరుకనా?"

"ఎరుకనే. ఇంకోటి గూడ చెప్పాలె. పాత కార్డు మళ్ల పెట్టి పోతే అరకొరగన్న మోగేదేమో. పెట్టలె. నాకు యాదికి రాలె."

అంతమ్మ చేతిలోని కట్టకు దారం చుట్టి ముడివేసింది. ఇంకో కట్ట తీసుకుంది. "ఇదంతా ఎవరి ముంగటన్న చెప్తవా?" అంది.

"చెప్త."

చెప్పింది. అంతమ్మ తమ్ముడు ఒక వకీలును పట్టుకొని వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయించాడు. సమత సాక్షి అని తెలిసిన రోజే కంపెనీ ఆమె గేటు కార్డు తీసుకుని పనిలోంచి పంపేసింది. అప్పుడు ఆ పదకొండు ఆసుపత్రులకూ ఒక్కొక్కటిగా ఫోన్ చేసింది. కొత్త రకం కార్డు నడుస్తుండగా పెట్టనివ్వవద్దని, పెట్టక తప్పకపోతే పెట్టె ఆపి లేపేదాకా ఆ మంచాల దగ్గర మనిషిని ఉంచమని. నలుగురు విన్నారు. ఇద్దరు ఎవరు నువ్వని అడిగారు. మిగతావాళ్లు కంపెనీతో మాట్లాడుకుంటామని పెట్టేశారు.

కేసు పద్నాలుగు నెలలు నడిచింది. సమత తన ఫోనులోని ఫొటో చూపించింది. అలాంటి ఫొటో ఎవరైనా ఎప్పుడైనా తీసుకోవచ్చని కంపెనీ వకీలు అన్నాడు. ఆ పెట్టెను వారంలోనే మార్చి, పాతదాని డిస్కు చెరిపేశారు. ఉత్తరం తమకు అందలేదన్నారు. ఆమె దగ్గర నకలు ఉంది కానీ, అందినట్టు ముద్ర లేదు. చివరికి బయటికి పోదన్న ఆ కాగితాన్ని వకీలు బయటికి తీశాడు.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"ఎవరన్నా కొట్టి పెట్టించారా?"

"లేదు."

"అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

సమత వివరించబోయింది. అవును కాదులలో చెప్పమన్నారు. బెంచీ మీద అంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమెనే చూస్తోంది.

తీర్పు మొన్న ఫిబ్రవరిలో వచ్చింది. పరికరంలో లోపం రుజువు కాలేదు, సాక్షి మాటల్లో పొంతన లేదు. ఫిర్యాదు కొట్టేశారు.

అదే వారం శశిధర్ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "నీ లైన్ కొత్త రిలీజ్‌ల పెట్టినం సమతా. నువ్వు రాసినట్టే. అన్ని దవాఖానలకు పోయింది." అంతే చెప్పి పెట్టేశాడు. ఆమెకు ఊపిరి ఆడినట్టయింది. తన ఉత్తరం నకలు తీసి, దానిమీది తారీఖు మళ్లీ చూసింది.

ఇప్పుడు చేవెళ్లలో సీసీ కెమెరాలు బిగించే షాపులో పనిచేస్తోంది. నిచ్చెన ఎక్కి గోడలకు రంధ్రాలు వేస్తుంది. ఆశా నర్సు పని మానేసిందని ఎవరో చెప్పారు. ఎంకయ్య ఆ రోజు 'పెట్టు' అన్న మాట గురించి తండ్రీకూతుళ్లు మళ్లీ మాట్లాడుకోలేదు.

తీర్పు వచ్చిన రోజు సంగతి ఒకటి మిగిలింది. మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కితే, ఆడవాళ్ల సీట్లలో కిటికీ పక్కన అంతమ్మ కూర్చుని ఉంది. పక్కన ఖాళీ. సమత వెనక్కి పోయి నిలబడింది. అంతమ్మే చేత్తో పిలిచింది. కూర్చుంది. గండిపేట దాటాక అంతమ్మ ఇటు తిరిగింది.

"ఒక్కటి అడుగుత. నిజం చెప్పు," అంది అంతమ్మ. "మంచం కాడి మిషన్ మోగుతదంటివి. అది మోగిందా?"

"మోగింది చిన్నమ్మా."

"ఎంతసేపు?"

కోర్టులో ఎవరూ అడగని ప్రశ్న. సమత ముందు సీటు కడ్డీని పట్టుకుంది. తెలియదని చెప్పవచ్చు.

"పదకొండు నిమిషాలు."

అంతమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు, మళ్లీ కదిలింది. ఆమె పెదవులు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"గంత సేపా," అంది. కాసేపటికి, "నువ్వు దిగే స్టేజి వచ్చినట్టుంది" అంది.

వచ్చింది. సమత దిగింది. బస్సు అంతమ్మతో ఆలూరు వైపు వెళ్లిపోయింది.